చీకటి వేదిక, కదిలే నర్తకి: తక్కువ వెలుతురు ఫొటోలకు బాడీ మార్చాలా, లెన్సు కొనాలా?

గజ్జెలసవ్వడి:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. అప్పుడప్పుడు రవీంద్రభారతిలోనో శిల్పారామంలోనో వాళ్ళ గురువుగారి బృందం ప్రదర్శన ఇస్తుంది. ఆ ఫొటోలు తీసే పనిని తల్లిదండ్రులందరి తరఫున నాకు అప్పగించారు. నా దగ్గర నికాన్ డి5600, దానితో వచ్చిన 18-55, 70-300 లెన్సులు ఉన్నాయి. పగటి వెలుతురులో ఈ కెమెరా నాకు ఏ లోటూ చేయలేదు. వేదిక మీద దీపాలు తగ్గించి రంగుల వెలుగు వేసినప్పుడు మాత్రం చేతులూ పాదాలూ చెదిరిపోతున్నాయి. షటర్ వేగం పెంచితే ఐఎస్ఓ (చిత్రం ప్రకాశాన్ని పెంచే అమరిక) 12800కు చేరుతోంది. అప్పుడు ముఖం మీద నాయిస్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) తప్ప అభినయం కనిపించడం లేదు.

80,000 రూపాయల దాకా ఖర్చు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాను. అడిగిన చోటల్లా ఫుల్ ఫ్రేమ్ బాడీకి, అంటే కాంతిని పట్టే సెన్సర్ పెద్దగా ఉన్న కెమెరాకు, మారమంటున్నారు. ఆ మాట ఎంతవరకు నిజమో, నా అవసరానికి ఏది ముందు కొనాలో తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను. రంజాన్ నెల రాత్రుల్లో చార్మినార్ పరిసరాల్లో కూడా ఫొటోలు తీయాలని ఉంది కనుక, కొనేది ఆ పనికీ ఉపయోగపడితే సంతోషం.

లష్కర్‌వాసి:

నేనూ ఫుల్ ఫ్రేమ్ పక్షమే. మీ కెమెరా సెన్సర్ సుమారు 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.6 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 వెడల్పు, 24 ఎత్తు. వైశాల్యం లెక్కిస్తే రెండింతలకు పైగా తేడా వస్తుంది. అంటే ఒకే ఎపర్చర్ (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం), ఒకే షటర్ వేగం పెట్టినా పెద్ద సెన్సర్ మొత్తం మీద రెండింతలకు మించిన కాంతిని అందుకుంటుంది. నికాన్ డి750 విడుదలై (2014) చాలా కాలమైంది కాబట్టి వాడినది మీ బడ్జెట్‌లో దొరికే అవకాశం ఉంది. పైగా దాని ఆటోఫోకస్ మైనస్ 3 ఈవీ (వెలుతురు కొలత; అంకె తగ్గేకొద్దీ చీకటి) దాకా పనిచేస్తుందని కంపెనీ చెబుతోంది. డి5600కు ఆ హద్దు మైనస్ 1 ఈవీ. ఒక స్టాప్ అంటే కాంతి రెట్టింపు లేదా సగం కావడం కాబట్టి, రెండు స్టాప్‌ల తేడా అంటే నాలుగో వంతు వెలుతురులో కూడా ఫోకస్ పట్టగలదన్నమాట. చీకటి వేదిక ముందు కూర్చునేవారికి ఇది చిన్న విషయం కాదు.

కాంతికొలత:

లష్కర్‌వాసి గారు చెప్పిన అంకెలన్నీ సరైనవే. అయినా ఈ ప్రశ్నకు జవాబు సెన్సర్ దగ్గర మొదలుపెడితే డబ్బు తప్పుదారిలో పోతుందని నా అభిప్రాయం.

ముందుగా నాయిస్ ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ఐఎస్ఓ పెంచడం వల్లే నాయిస్ పుడుతుందని చాలామంది నమ్ముతారు. వాస్తవానికి చీకటి ఫొటోలో మనం చూసే నాయిస్‌లో అధికభాగం కాంతిదే. కాంతి ఫోటాన్లుగా, క్రమం లేకుండా వచ్చి సెన్సర్ మీద పడుతుంది. ఒక చోట సగటున వంద ఫోటాన్లు పడవలసి ఉంటే, ఆ సంఖ్య దాదాపు పది అటూ ఇటూ ఊగుతుంది. పదివేలు పడే చోట ఆ ఊగు వంద మాత్రమే. మొదటి దానిలో తేడా పది శాతం, రెండో దానిలో ఒక్క శాతం. కాబట్టి కాంతి నాలుగింతలైతే చిత్రం రెండింతలు శుభ్రమవుతుంది. ఐఎస్ఓ అనేది సేకరించిన కాంతిని ఎంత ప్రకాశంగా చూపాలో నిర్ణయించే అమరిక మాత్రమే. దూరంగా పాడుతున్న గాయని గొంతు మైకులోకి సన్నగా చేరితే, స్పీకరు శబ్దం ఎంత పెంచినా గొంతుతోపాటు గాలి హోరు కూడా పెరుగుతుంది. గాయని దగ్గరికి మైకు జరిపితేనే ఫలితం ఉంటుంది. ఇక్కడ మైకు జరపడమంటే పెద్ద ఎపర్చర్, ఎక్కువ సేపు తెరిచిన షటర్, వీలైతే అదనపు దీపం. నాలుగో దారి లేదు.

కెమెరా డబ్బా మీద రాసే గరిష్ఠ ఐఎస్ఓను చూసి కొనకూడదనడానికి మీ కెమెరాయే మంచి ఉదాహరణ. డి5600 ఐఎస్ఓ శ్రేణి 25600 దాకా ఉంటుంది. డి750కి సాధారణ శ్రేణి 12800తో ఆగిపోతుంది, ఆపైన పొడిగింపు అమరికలే. అయినా ఒకే లెన్సుతో చీకట్లో తీస్తే డి750 చిత్రమే శుభ్రంగా ఉంటుంది. ఆ అంకె కంపెనీ ఎంతవరకు అనుమతించిందో చెబుతుందే తప్ప చిత్రం ఎంత బాగుంటుందో చెప్పదు.

ఇప్పుడు లెన్సు సంగతి. మీ 70-300 లెన్సు 85 మిల్లీమీటర్ల దగ్గర బాగా తెరిచినా ఎఫ్ 4.5కు మించి తెరుచుకోదు (ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది). అదే 85 మిల్లీమీటర్ల ప్రైమ్ (జూమ్ లేని) లెన్సు ఎఫ్ 1.8కు తెరుచుకుంటుంది. 4.5ను 1.8తో భాగించి వర్గం చేస్తే 6.25 వస్తుంది. బాడీ మార్చకుండానే ఆరింతలకు పైగా కాంతి! బాడీ మార్చి పాత లెన్సు స్థాయిలోనే ఉండిపోతే వచ్చేది రెండింతల పైచిలుకు. ఏది ముందు కొనాలన్న ప్రశ్న ఈ రెండు అంకెల మధ్యే తేలిపోతుంది.

లష్కర్‌వాసి:

నేను బాడీ ఒక్కటే కొనమనలేదు. డి750తో పాటు అదే 85 ఎఫ్ 1.8 కొంటే రెండు లాభాలూ కలిసి వస్తాయి కదా?

కాంతికొలత:

కూర్చునే చోటు మారకపోతే కలిసి రావు. చాలామంది గమనించని విషయం కాబట్టి కాస్త ఓపికగా చెబుతాను.

డి5600 మీద 85 లెన్సు పెడితే, సెన్సర్ చిన్నది కావడం వల్ల, ఫుల్ ఫ్రేమ్ మీద సుమారు 127 మిల్లీమీటర్ల లెన్సు చూపించేంత దృశ్యమే ఫ్రేములోకి వస్తుంది. మూడో నాలుగో వరుసలో కూర్చుని ఒక నర్తకిని నిలువునా చూపడానికి ఆ కోణం బాగుంటుంది. అదే కుర్చీ నుంచి డి750 మీద 85 పెడితే నర్తకి చిన్నదై, చుట్టూ చీకటి పెరుగుతుంది. ఆ చీకటిని కత్తిరించి పారేస్తే పెద్ద సెన్సర్ అంచులు కూడా దానితోపాటే పోతాయి. మిగిలేది ఇంచుమించు చిన్న సెన్సర్ చిత్రమే. సరైన ఫ్రేము కావాలంటే 70-200 ఎఫ్ 2.8 వంటి లెన్సు తీసుకోవాలి. అప్పుడు 127 మిల్లీమీటర్ల దగ్గర కాంతి లోపలికి వచ్చే రంధ్రం వ్యాసం 127ను 2.8తో భాగించగా వచ్చే 45 మిల్లీమీటర్లు. మీ 85 ఎఫ్ 1.8 రంధ్రం వ్యాసం 47 మిల్లీమీటర్లు. ఒకే చోటు నుంచి ఒకే దృశ్యాన్ని ఒకే షటర్ వేగంతో తీసినప్పుడు సేకరించే కాంతిని ఈ రంధ్రమే నిర్ణయిస్తుంది. అంటే డి5600, 85 ఎఫ్ 1.8 జంట మొత్తం కాంతి విషయంలో ఫుల్ ఫ్రేమ్, 70-200 ఎఫ్ 2.8 జంటకు ఏమాత్రం తీసిపోదు. ఆ రెండో జంట మోయడానికి దాదాపు రెండు కిలోలకు పైగా ఉంటుంది, ఖర్చు చెప్పనవసరం లేదు. జూమ్ సౌలభ్యం, మెరుగైన ఫోకస్ మాత్రం దాని వైపే ఉన్నాయి, అది నేను ఒప్పుకుంటాను.

లష్కర్‌వాసి:

రంధ్రం వ్యాసంతో లెక్కించడం నాకు కొత్తగా ఉంది, కానీ కాదనడానికి ఆస్కారం కనబడడం లేదు. ఫోకస్ విషయంలో నా మాట మీద నిలబడతాను.

రంగదీపం:

నేను నాట్య ప్రదర్శనల ఫొటోలే ఎక్కువగా తీస్తాను. లెన్సు ముందా, బాడీ ముందా అన్నది తేలిపోయింది కాబట్టి, ఆ లెన్సుతో వేదిక ముందు ఎలా పనిచేయాలో రాస్తాను. నా దృష్టిలో అసలు కష్టం అక్కడే ఉంది.

మొదటిది, కదలిక. కూచిపూడిలో జతులు (వేగంగా సాగే అడుగుల వరుసలు) నడుస్తున్నప్పుడు పాదాలను, చేతివేళ్ళను నిలపాలంటే 1/500 సెకను కావాలి. తక్కువ వెలుతురులో అది దొరకదు. అయితే నాట్యమంతా ఒకే వేగంతో సాగదు. తీర్మానం (జతికి ముగింపు వరుస) పూర్తయి సమం (తాళం మొదటి దెబ్బ) మీద పాదం పడగానే నర్తకి ఒక భంగిమలో నిలుస్తుంది. ఆ క్షణంలో 1/125 కూడా సరిపోతుంది. మీ అమ్మాయి నేర్చుకుంటోంది కనుక మీకు తాళం తెలిసే ఉంటుంది. వేలితో తాళం వేస్తూ, సమానికి అరక్షణం ముందే షటర్ బటన్ సగం నొక్కి ఉంచండి. ఏ ఖరీదైన కెమెరా ఇవ్వలేని సౌకర్యం ఇది. అభినయం ప్రధానమైన పదాలలో శరీరం నెమ్మదిగా కదులుతుంది, చూపు నిలుస్తుంది. అక్కడ 1/160 చాలు. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలిచి ఆడేటప్పుడు పైభాగం నిలకడగా, పాదాలు చురుగ్గా ఉంటాయి. అక్కడ పాదాలు కొద్దిగా చెదిరితే నాకు అభ్యంతరం లేదు, ముఖం చెదరకూడదు.

రెండోది, వెలుతురు కొలత. వేదిక వెనుక నల్లని తెర ఉంటే కెమెరా దాన్ని కూడా బూడిద రంగులో చూపాలని ప్రయత్నించి ముఖాన్ని తెల్లగా కాల్చేస్తుంది. అందుకే మాన్యువల్ మోడ్‌కు మారండి. మొదటి అంశంలో దీపాలు పూర్తిగా వెలిగినప్పుడు ఎఫ్ 2, 1/250, ఐఎస్ఓ 1600 దగ్గర మొదలుపెట్టి, ముఖం మీద కాంతి మితిమీరిందో లేదో తెరమీద పెద్దదిగా చేసి చూసి సరిదిద్దుకోండి. మొత్తం చిత్రం చీకటిగా కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. రా ఫైలులో (సెన్సర్ పట్టిన సమాచారాన్ని మొత్తం దాచే ఫైలు) తీస్తే ఈ తరం సెన్సర్లలో నీడలను రెండు స్టాప్‌ల దాకా తర్వాత పెంచుకున్నా, అప్పుడే ఐఎస్ఓ పెంచి తీసిన దానికి పెద్దగా తేడా రాదు. కాలిపోయిన ముఖాన్ని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

మూడోది రంగుల దీపాలు. ఇవాళ సభామందిరాల్లో ఎల్ఈడీ దీపాలు వచ్చాక ముదురు నీలం, ముదురు గులాబీ వెలుగు ఎక్కువైంది. ఆ వెలుగులో సెన్సర్‌లోని ఎరుపు లేదా నీలం చానల్ ఒక్కటే నిండిపోతుంది, మిగతా రెండూ ఖాళీగా ఉంటాయి. మామూలు హిస్టోగ్రామ్ (చిత్రంలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) అంతా క్షేమంగా ఉందని చెబుతుంది కానీ ముఖం మీద గీతలన్నీ ఒకే రంగు ముద్దగా మారి ఉంటాయి. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూడడం అలవాటు చేసుకోండి. ఏ రంగు కుడి అంచును తాకితే ఆ రంగును బట్టి ఒక స్టాప్ తగ్గించండి. అటువంటి దృశ్యాలలో కొన్నింటిని నేను నలుపు తెలుపులోకి మారుస్తాను. అది సర్దుబాటు కాదు, ఆ వెలుగులో నాట్యం నిజంగా అందంగా కనిపించే రూపం అదేనని నా నమ్మకం.

ఫోకస్ గురించి లష్కర్‌వాసి గారి ఆందోళన న్యాయమైనదే. డి5600లో 39 ఫోకస్ బిందువులు ఉన్నా, మధ్యలోని తొమ్మిది మాత్రమే నిలువు, అడ్డం రెండు దిశల గీతలనూ పట్టగల క్రాస్ రకం. చీకట్లో వాటినే వాడండి. లైవ్ వ్యూ తెర మీద కాకుండా వ్యూఫైండర్‌లో చూసి తీయండి. ఫోకస్‌కు కావలసింది వెలుతురు కన్నా ముందు స్పష్టమైన అంచు. నున్నని చెంప మీద గురి పెడితే లెన్సు అటూ ఇటూ వెతుకుతుంది. పాపిటబిల్ల అంచు, కాటుక గీసిన కన్ను దగ్గర గురి పెడితే వెంటనే పట్టుకుంటుంది. నాట్యాలంకరణ మనకు ఆ అంచులను సిద్ధంగా ఇచ్చింది. కెమెరా ముందున్న ఫోకస్ సహాయ దీపాన్ని మెనూలో ఆపేయండి, అది నర్తకి కళ్ళలో పడుతుంది.

ఎఫ్ 1.8 దగ్గర ఫోకస్ లోతు చాలదేమోనని కొందరు భయపడతారు. ఎనిమిది మీటర్ల దూరంలో మీ కెమెరా మీద 85 ఎఫ్ 1.8తో సుమారు 60 సెంటీమీటర్ల లోతు వస్తుంది. ముఖం, ముందుకు చాచిన హస్తం రెండూ దాదాపు అందులో ఇముడుతాయి. మూడు మీటర్ల దగ్గరికి వస్తే ఆ లోతు పది సెంటీమీటర్లలోపే కాబట్టి అక్కడ ఎఫ్ 2.8కు వెళ్ళండి.

ఫ్లాష్ వాడవద్దు. వేదిక వెలుగును తీర్చిదిద్దిన వారి శ్రమ మొత్తం దానితో తుడిచిపెట్టుకుపోతుంది, నర్తకి ఏకాగ్రత చెదురుతుంది. పనికీ రాదు: కెమెరాలో అమర్చిన చిన్న ఫ్లాష్ గైడ్ నంబరు (ఫ్లాష్ శక్తిని చెప్పే అంకె) 12 అనుకుంటే, ఐఎస్ఓ 100, ఎఫ్ 5.6 దగ్గర అది రెండు మీటర్లకే ఆగిపోతుంది.

తెరచాటు:

మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. నా దగ్గర మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా ఉంది. సభలో శబ్దం రాకూడదని సైలెంట్ షటర్‌తో తీస్తే చిత్రమంతా అడ్డంగా చీకటి పట్టీలు వస్తున్నాయి. కెమెరాలో లోపమా?

కాంతికొలత:

లోపం కాదు. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. కొన్ని ఎల్ఈడీ దీపాలు ప్రకాశం తగ్గించడానికి అంతకన్నా వేగంగా ఆరి వెలుగుతుంటాయి. సైలెంట్ షటర్‌లో సెన్సర్ పై వరుస నుంచి కింది వరుస దాకా ఒకదాని తర్వాత ఒకటి చదవబడుతుంది. దీపం ఆరిన క్షణంలో చదివిన వరుసలు నల్లగా, వెలిగిన క్షణంలో చదివినవి తెల్లగా వస్తాయి. మెకానికల్ షటర్‌కు మారి 1/100 లేదా 1/50 పెడితే ఒకటి లేదా రెండు పూర్తి మిణుకులు లోపలికి వచ్చి తేడా సమసిపోతుంది. అంతకన్నా వేగంగా తీయక తప్పనప్పుడు, మిణుకు శిఖరాన్ని చూసి షటర్ వదిలే సదుపాయం ఉందేమో మెనూలో వెతకండి. 2014లో కానన్ 7డి మార్క్ 2తో అది మొదట వచ్చింది. తర్వాత చాలా కెమెరాల్లో చేరింది.

పత్తర్‌గట్టి:

గజ్జెలసవ్వడి గారు చార్మినార్ రాత్రుల గురించి అడిగారు. ఆ వీధుల పక్కనే మా ఇల్లు కనుక దాని వరకు చెబుతాను.

రంజాన్ రాత్రుల్లో మదీనా కూడలి నుంచి చార్మినార్ దాకా, లాడ్ బజార్ లోపల, వెలుతురుకు కొరత ఉండదు. సమస్య దాని పంపకంలో ఉంటుంది. గాజుల దుకాణంలో ఒక్కో దీపం వేలకొద్దీ అద్దాల ముక్కల మీద మెరుస్తుంది, రెండడుగుల అవతల బేరమాడుతున్న ఆమె ముఖం సగం నీడలో ఉంటుంది. అక్కడ 85 పనిచేయదు, జనం అడ్డం వస్తారు. డి5600కు 35 ఎఫ్ 1.8 డీఎక్స్ (నికాన్ చిన్న సెన్సర్ కెమెరాల కోసం చేసిన) లెన్సు చక్కగా అమరుతుంది. ఎఫ్ 2, 1/125, ఐఎస్ఓ 1600 దగ్గర మొదలుపెట్టండి. నడిచేవారికి అది చాలు, కూర్చున్న దుకాణదారుకు 1/60 కూడా సరే. దీపాలు కాలిపోకుండా ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ తగ్గించి ఉంచండి. రాత్రి రాత్రిలాగే కనిపించాలి.

నా సలహా ఒకటే: వెలుగును వెతకడం మానేసి వెలుగు దగ్గర నిలబడండి. ఒక దుకాణం దీపం ఏ దిక్కుకు పడుతోందో చూసుకుని అక్కడ ఆగితే, మనుషులు తామే ఆ వెలుగులోకి వస్తూ పోతుంటారు. ఎవరి ముఖమైనా దగ్గరగా తీయాలంటే ముందు అడగండి. "భాయ్, ఏక్ ఫోటో?" అన్న మాటకు అక్కడ కాదనేవారు తక్కువ. చార్మినార్ కట్టడం విషయానికి వస్తే, 1591 నాటి ఆ గోడల మీద పడే పసుపు వెలుగును వైట్ బ్యాలెన్స్‌తో (వెలుగు రంగును సరిచేసే అమరిక) పూర్తిగా తెల్లగా మార్చవద్దు. ఆటోలో వదిలేస్తే ఒక్కో ఫొటోకు ఒక్కో రంగు వస్తుంది. 3200 కెల్విన్ దగ్గర నిలిపితే సున్నపు గోడ వెచ్చగానే ఉంటుంది, ఆకాశం నీలం కూడా మిగులుతుంది. చార్మినార్, గోల్కొండ రెండూ కేంద్ర పురావస్తు శాఖ పరిధిలో ఉన్నాయి. లోపల ట్రైపాడ్ పెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలి.

నీలిసంజ:

ట్రైపాడ్ మాట వచ్చింది కాబట్టి నిలకడగా ఉన్నవాటి గురించి కొంచెం. దుర్గం చెరువు తీగల వంతెన, హుస్సేన్‌సాగర్ మధ్య బుద్ధ విగ్రహం వంటివి తీయడానికి పైన చెప్పిన ఏ లెన్సూ అవసరం లేదు. మీ 18-55 చాలు. ట్రైపాడ్ మీద ఎఫ్ 8, ఐఎస్ఓ 100 పెట్టి కొన్ని సెకన్లు తెరిచి ఉంచితే కాంతి కావలసినంత చేరుతుంది, ఖరీదైన కెమెరాకూ మీ కెమెరాకూ తేడా కనిపెట్టడం కష్టం.

సమయం మాత్రం ముఖ్యం. సూర్యుడు అస్తమించిన ఇరవై నిమిషాల నుంచి ముప్పై నిమిషాల మధ్య ఆకాశం ముదురు నీలంగా ఉండి, దీపాల ప్రకాశంతో సరితూగుతుంది. పూర్తిగా చీకటి పడితే తెల్లని బుద్ధుడి మీద దీపం కాలిపోయి, చుట్టూ నీళ్ళు నల్లని ముద్దగా మిగులుతాయి. మన నగరంలో డిసెంబరు మొదట్లో ఆరు గంటలలోపే సూర్యాస్తమయం అవుతుంది, జూన్‌లో ఏడుకు కాస్త ముందు. తీగల వంతెన మీద దీపాల రంగులు మారుతూ ఉంటాయి. ముప్పై సెకన్లు తెరిచి ఉంచితే రంగులన్నీ కలిసిపోయి వెలవెలబోతాయి, కాబట్టి రెండు నుంచి నాలుగు సెకన్లు చాలు. వంతెన మీదే ట్రైపాడ్ పెట్టకండి, బండ్లు వెళ్ళిన ప్రతిసారీ అది కంపిస్తుంది. చెరువు గట్టు నుంచి తీయండి.

లెన్సులోని వీఆర్‌ను (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ట్రైపాడ్ మీద ఆపేయండి; రెండు సెకన్ల టైమర్ వాడండి. మే నెల రాత్రుల్లో కూడా మన దగ్గర గాలి వేడిగా ఉంటుంది, సెన్సర్ వేడెక్కితే పొడవాటి ఎక్స్‌పోజర్లలో ఎరుపు, నీలం చుక్కలు మెరుస్తాయి. కెమెరాలోని లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ వాటిని తీసేస్తుంది కానీ, ముప్పై సెకన్ల ఫొటో తర్వాత మరో ముప్పై సెకన్లు ఆగవలసి వస్తుంది.

లష్కర్‌వాసి:

లెన్సులు వాడినవి కొనే ఆలోచన ఉంటే కొన్ని జాగ్రత్తలు. డి5600 బాడీలో ఫోకస్ మోటారు లేదు. అందువల్ల పేరులో ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి అని ఉన్న, అంటే లోపలే మోటారు ఉన్న, లెన్సే తీసుకోండి. కోఠిలో చౌకగా కనిపించే పాత 50 ఎఫ్ 1.8 డి, 85 ఎఫ్ 1.8 డి మీ కెమెరా మీద చేతితో తిప్పి ఫోకస్ చేయవలసినవే, నాట్యానికి అవి పనికిరావు. 85 ఎఫ్ 1.8 జి 2012లో వచ్చింది, 35 ఎఫ్ 1.8 జి డీఎక్స్ 2009లో వచ్చింది. రెండూ బాగా చలామణిలో ఉన్నవే.

లెన్సును పూర్తిగా తెరిచి, వెనుక నుంచి ఫోన్ టార్చి వేసి లోపల చూడండి. సాలెగూడు వంటి తెల్లని పోగులు కనిపిస్తే అది బూజు, ఎంత తగ్గించినా తీసుకోవద్దు. మన వానాకాలం తేమలో అది పక్క లెన్సుకు కూడా పాకుతుంది. ఒకటి రెండు దుమ్ము రేణువులు ఉంటే ఫరవాలేదు. ఎఫ్ 1.8 దగ్గర గోడ మీది క్యాలెండర్ అంకెలను తీసి, ఫోకస్ సరిగ్గా గురి పెట్టిన అంకె మీదే పడిందో లేదో పెద్దది చేసి చూడండి. బిల్లు, సీరియల్ నంబరు సరిపోల్చుకోకుండా డబ్బు ఇవ్వకండి. ఎప్పటికైనా బాడీ మార్చాలనిపిస్తే 85 ఫుల్ ఫ్రేమ్‌కూ పనికొస్తుంది; 35 డీఎక్స్ మాత్రం చిన్న సెన్సర్‌కు చేసినది.

గజ్జెలసవ్వడి:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. బాడీ మార్చే ఆలోచన విరమించుకున్నాను. 85 ఎఫ్ 1.8 కొత్తది, 35 ఎఫ్ 1.8 వాడినది తీసుకుని, మిగిలిన డబ్బులో ఒక గట్టి ట్రైపాడ్ కొంటాను. రంగదీపం గారు సమం గురించి చెప్పిన మాట చదివాక, ప్రదర్శనకు ముందు సాధన చూడడానికి వెళ్ళి ఏ జతి తర్వాత ఏ భంగిమ వస్తుందో రాసుకోవాలని నిశ్చయించుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. ఇంతా చేశాక కూడా ఐఎస్ఓ 3200, 6400 వాడక తప్పని అంశాలు ఉంటాయి. ఆ ఫొటోలను ఇంటికి వచ్చాక ఎంతవరకు శుభ్రం చేయవచ్చు? తల్లిదండ్రులు అచ్చు వేయించుకోవాలంటున్నారు.

కాంతికొలత:

మీరు అనుకున్న దానికన్నా ఎక్కువే చేయవచ్చు, కానీ చేయవలసింది తక్కువ. లైట్‌రూమ్‌లో 2023 నుంచి ఉన్న ఏఐ డీనాయిస్ రా ఫైళ్ళ మీద చాలా బాగా పనిచేస్తుంది. కంప్యూటర్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఒక్కో ఫొటోకు నిమిషాలు పడుతుంది. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే డార్క్‌టేబుల్ ఉచితం, కెమెరాను గుర్తించి దాని నాయిస్ స్వభావానికి తగ్గట్టు శుభ్రం చేసే ప్రొఫైల్డ్ డీనాయిస్ అందులో ఉంది. రంగు చుక్కల నాయిస్‌ను ఎంతైనా తగ్గించండి, నష్టం లేదు. వెలుగునీడల నాయిస్‌ను మాత్రం తేలికగా ముట్టుకోండి, లేకపోతే కనురెప్పల గీతలూ, పట్టుచీర జరీ పోగులూ నాయిస్‌తో కలిసి కరిగిపోతాయి.

అచ్చు గురించి దిగులు అక్కరలేదు. మీ కెమెరా ఫైలు 6000 పిక్సెళ్ళ వెడల్పు ఉంటుంది. 12 అంగుళాల వెడల్పుకు అచ్చు వేస్తే అంగుళానికి 500 పిక్సెళ్ళు పడతాయి, కంటికి కావలసిన దానికన్నా అది ఎక్కువ. తెర మీద నూరు శాతం పెద్దది చేసి చూసినప్పుడు కనిపించే నాయిస్‌లో చాలాభాగం కాగితం మీద కలిసిపోతుంది. అందుకని ముందు శుభ్రం చేయని ఫైలునే ఒకటి 8x12 సైజులో మ్యాట్ కాగితం మీద వేయించి చూడండి. అందులో ముఖం మీద చీకటి ఎక్కువగా ఉందనిపిస్తే, అచ్చుకు పంపే ఫైళ్ళన్నింటినీ తెర మీద కనిపించే దానికన్నా మూడో వంతు స్టాప్ ప్రకాశం పెంచి పంపండి. తెర వెనుక దీపం ఉంటుంది, కాగితానికి ఉండదు కనుక నీడలు అక్కడ మరింత ముదురుగా పడతాయి.